చల్లని రోడ్డుకి రెండో కొస

మీరే చంపారు.

మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. చేతనైనా ఇప్పుడు ఓపిక లేదు. తీగ కనిపెట్టిన అయ్యలు, దాన్ని మ్యాపు మీద గీసిన అయ్యలు, రిబ్బను కత్తిరించి ఫొటో దిగిన అయ్యలు, మీరంతా కలిసి చంపారు. ఎవరి చేతిలోనూ కత్తి లేదు. ఎవరికీ మా మీద పగ లేదు. అదే నాకు మంట. పగ ఉంటే ఎదురు తిరిగేదాన్ని. మేమున్నామన్న సంగతే మీకు పట్టలేదు. పట్టనోళ్ళతో ఎట్లా కొట్లాడాలో నాకింకా తెలియదు.

ఈ ఎండాకాలం పెద్దబజారులో నడిచినోళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని తారురోడ్డు మీద పరుగులు తీశారు. బట్టల కొట్ల ముందు ముసలోళ్ళు కుర్చీలేసుకుని, అరికాళ్ళు రోడ్డుకి ఆనించి కబుర్లు చెప్పుకున్నారు. పుచ్చకాయలమ్మే అతను కాయల్ని బండి మీంచి దించి రోడ్డు మీదే పేర్చాడు, చల్లబడతాయని. టీవీలోళ్ళు వచ్చారు. దేశమంతా చూసి నోరెళ్ళబెట్టింది.

ఆ వేడి ఎటు పోయిందని ఒక్కరు అడగలేదు.

మా ఇంటికొచ్చింది.

*

మాది రాళ్ళగుంత. నగరానికి ఉత్తరపక్క, బైపాసు దాటగానే. ఒకప్పుడు క్వారీ. పాత కచేరీ మెట్ల దగ్గర్నుంచి కాలవ గట్టు దాకా ఈ నగరంలో ఉన్న రాయి సగం మా గుంతలోంచి పోయిందే. రాయి అయిపోయాక కాంట్రాక్టరు మిషన్లు ఎత్తుకుపోయాడు. రాయి కొట్టినోళ్ళం మేం మిగిలాం. గుంత అడుగున రేకుల ఇళ్ళు వేసుకుని ఉంటున్నాం. మా పిల్లలు అక్కడే పుట్టారు.

ఎండాకాలం రేకుల కింద ఎవరూ పడుకోలేరు. ఇళ్ళ మధ్యలో చదునుగా ఒక పెద్దబండ ఉంది. పొద్దు వాలగానే ఆడోళ్ళం బిందెలతో నీళ్ళు తెచ్చి దాన్ని కడుగుతాం. మొదటిసారి పోస్తే బుస్సుమంటుంది. రెండోసారి గొణుగుతుంది. మూడోసారికి నోరు మూసుకుంటుంది. అప్పుడు చాపలు పరుస్తాం. ఎవరి చోటు వాళ్ళది. పెళ్ళయి వచ్చిన కోడలికి ముందు చూపించేది పొయ్యి కాదు, బండ మీద తన చోటు.

మా ఆయన యల్లమందది పడమటి అంచు. చిన్నప్పట్నుంచీ రాయి కొట్టిన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. రేకుల కింద పడుకుంటే లేచి కూర్చుని పిల్లికూతలతో ఆయాసపడతాడు. బండ మీద వెల్లకిలా పడుకుని, వీపు చల్లబడిందంటే, తెల్లారేదాకా లేవడు. ఆస్పత్రి మందులు ఆయన్ని ఎంత బతికించాయో తెలియదు గానీ బండ మాత్రం బతికించింది.

మాఘమాసంలో ఒకమ్మాయి వచ్చింది. పేరు మృదుల. నగరంలో వేడి మీద పరిశోధన చేసే సంస్థలో డాక్టరమ్మ. సూదులేసే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. ఇద్దరు మనుషులు ఇనపస్తంభం మోసుకొచ్చి గురవమ్మ ఇంటి పక్కన పాతారు. దాని మీద, నిలబడిన మనిషి తల ఎత్తున, తెల్లటి చెక్కపెట్టె బిగించారు.

"ఏందమ్మా ఇది, పావురాల గూడా?" అన్నాడు మా ఆయన.

"కాదు బాబాయ్, గాలి వేడి కొలిచే పెట్టె."

"మమ్మల్ని అడిగితే చెప్పమా? చాలా వేడి అని చెబుతాం. రాసుకో."

ఆ పిల్ల నవ్వింది. నవ్వే పిల్ల కాబట్టే నాకు నచ్చింది, ఆ సంగతి దాచను. గురవమ్మ గాజు గ్లాసులో టీ తెచ్చిచ్చింది. మృదుల సంచీలోంచి జడంత లావున్న తీగ తీసింది. గాజులా మెరుస్తోంది. వెంట్రుకంత పోగులు వందలు కలిపి పేనితే అట్లా తయారైందంట. ఒక చివర కుచ్చులా విడిపోయి ఉంది, రెండో చివర సూదిలా సన్నబడింది.

"ఈ కుచ్చు టీలో ముంచుతున్నా బాబాయ్. ఆ కొస మాత్రం ముట్టుకోవద్దు."

వద్దంటే ఊరుకునే మనిషైతే నాకీ తిప్పలెందుకు. చెవి మీంచి బీడీ తీసి ఆ కొసకి ఆనించాడు. బీడీ అంటుకుంది.

"ఒసే నాగేంద్రమ్మా! అగ్గిపెట్టె పని లేదే!"

"ముందది పారెయ్. లోపల ఊపిరికే చోటు లేదు, పొగొకటి."

గురవమ్మ గ్లాసులో వేలు పెట్టి చూసి నెత్తి కొట్టుకుంది. "నా టీ చన్నీళ్ళయిందమ్మా! నా టీలో వేడి ఎత్తుకెళ్ళి ఈయన బీడీకి పెట్టావా తల్లీ?"

అందరం నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ముసల్ది ఆ రోజే మొత్తం కథ చెప్పేసింది. ఒకరి వేడి ఎత్తుకెళ్ళి ఇంకొకరికి పెట్టడం. అంతే మీ కనిపెట్టడం.

మృదుల ఓపిగ్గానే చెప్పింది. ఈ తీగలో వేడి ఒక్కవైపే నడుస్తుందంట, వెనక్కి రాదంట. రోడ్డు కింద దుప్పటిలా పరిస్తే రోడ్డులో వేడినంతా లాగేస్తుందంట. కరెంటు అక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు.

"బాగుంది," అన్నాను. "రోడ్డు ఒక కొస. మరి రెండో కొస ఎక్కడ పెడతారు?"

ఆ పిల్ల గుంత పడమటి గోడ వైపు చూపించింది. మా బండ మీద నిలబడి పిలిస్తే వినబడేంత దూరం. "అక్కడ మూతి పెడతారు. లోతు గుంత కదండీ, వేడిగాలి నేరుగా పైకి లేచి కలిసిపోతుంది."

"గుంతలో మేమున్నాం గదమ్మా."

ఆ పిల్ల తీగ చుట్టి సంచీలో పెట్టుకుంది. "అందుకే ఈ పెట్టె పెట్టించాను," అంది. "రోజూ కొలుస్తాం. పెరిగితే ఆపేస్తాం."

అబద్ధం చెప్పలేదు. నమ్మే చెప్పింది.

వెళ్తూ వెళ్తూ గురవమ్మతో, "పిన్నీ, ఈ పెట్టె మీ ఇంటి పక్కనే ఉంది, కాస్త జాగ్రత్తగా చూసుకోండి. పాడవకూడదు," అంది.

*

గురవమ్మకి పిల్లల్లేరు. ఒకరు తనకో వస్తువు అప్పజెప్పడం ఆమె బతుకులో అదే మొదలేమో. ఆ పెట్టెని కన్నబిడ్డలా చూసుకుంది. దుమ్ము తుడిచేది. కాకి వాలితే కర్ర తీసుకునేది. ఉగాదికి మామిడాకులు కట్టింది. ఎండలు ముదిరాక, మిషను వేడికి చెడిపోతుందని, తాగేనీళ్ళ కుండకి చుట్టినట్టే దానికీ గోనెసంచి చుట్టి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించేది. చూసిన ప్రతివాళ్ళం మెచ్చుకున్నాం. మాకు తెలిసిన జాగ్రత్త అదే మరి. విలువైందాన్ని ఎండలో వదలం.

చైత్రంలో మూతి తెరిచారు. అప్పటికి ఒక్క పెద్దబజారు రోడ్డే కలిపారు. ఇనప గొట్టం, మనిషి దూరేంత నోరు. చప్పుడు లేదు, పొగ లేదు. దాని ముందు గాలి మాత్రం నీళ్ళలో బింబంలా వణికేది. పిల్లలు దానికి కొలిమిమూతి అని పేరు పెట్టారు.

వారం తిరక్కుండానే బండ మారిపోయింది. మూడుసార్లు పోస్తే నోరు మూసుకునేది ఐదుసార్లు పోసినా బుసకొడుతూనే ఉంది. రాయికి వేడి పట్టిందంటే తొందరగా వదలదు. పగలు ఎండ, దాని పైన మీ బజారు వేడి. రెండూ కలిపి తాగి తెల్లారేదాకా కక్కుతోంది. మాకు ట్యాంకరు వచ్చేదే రోజు విడిచి రోజు. తాగడానికా, బండకి పోయడానికా?

టౌన్ ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ప్లానింగ్ ఆఫీసరు చక్రపాణిగారు. నాకు పాత పరిచయమే. కుళాయి కోసం, వీధిదీపం కోసం ఆయన బల్ల నేను గుద్దని ఏడాది లేదు. చెడ్డమనిషి కాదు. అలిసిపోయిన మనిషి. కాలరు కింద చేతిరుమాలు పెట్టుకుని, ఊడిపోయేట్టున్న ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు.

"నాగేంద్రమ్మగారూ, మీ గుంతలో వేడి పెరగలేదండీ. ఇదుగో, సంస్థవాళ్ళు పంపించారు. పైగా ఒక డిగ్రీ తగ్గింది," అని కాగితం నా వైపు తిప్పాడు.

"తగ్గిందా? మీరొచ్చి పడుకోండి ఒక్క పూట."

"పెట్టె తగ్గిందంటోంది."

"పెట్టె మాట వింటారు, నా మాట వినరా?"

"మీ మాట ఫైల్లో ఎక్కదమ్మా," అన్నాడు. వెటకారం కాదు. విసుగు. గోడ మీద మ్యాపు చూపించాడు. మా గుంత ఉన్నచోట బూడిదరంగు, మీద అడ్డగీతలు. "చూడండి. ఖాళీ క్వారీ. ఇక్కడ ఇళ్ళున్నట్టు లేదు."

"మీరు వచ్చారు గదా. చూశారు గదా. మా ఇంట్లో మజ్జిగ తాగారు గదా."

"తాగాను. నేను చూసింది కూడా ఎక్కదు. ఇక్కడ కాలనీ ఉందని సర్కారు నోటిఫై చెయ్యాలి."

నేను అరవబోయాను. ఆయన చెయ్యెత్తాడు. "వినండి. ఈ పరిశోధన మొదలెట్టిన రోజునే నేను వాళ్ళని ఒక్కటే అడిగాను. మూతికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలి? ఎన్ని గజాలో చెప్పండి, అంత దూరంలో గీస్తాను అన్నాను. వాళ్ళ ప్రొఫెసరుగారు ఏమన్నారో తెలుసా? అది మా పరిశోధన ప్రశ్న కాదండీ అన్నారు. వాళ్ళ ప్రశ్న రోడ్డు ఎంత చల్లబడుతుందని. దానికి ఇంత లావు పుస్తకం ఇచ్చారు. అందులో నాక్కావలసింది ఒక్క అంకె. లేదు. గీయకపోతే నా ఉద్యోగం పోతుంది. ఖాళీ అని ఎక్కడుందో అక్కడ గీశాను."

ఒకరు అడిగింది ఇంకొకరు వినలేదు. వినకపోయినా పని మాత్రం ఆగలేదు. ఇంటికొచ్చేసరికి మా ఆయన బండ మీద నీళ్ళు పోస్తున్నాడు. బిందె ఎత్తితే ఆయాసం. ఎత్తకపోతే నిద్ర లేదు.

*

వైశాఖంలో మృదుల మళ్ళీ వచ్చింది. స్తంభం దగ్గరికొచ్చి ఆగిపోయింది.

గురవమ్మ ఎదురెళ్ళింది. "చూసుకో తల్లీ, నీ పెట్టెకి ఒక్కరోజు ఎండ తగలనివ్వలేదు!"

మృదుల తడిగోనె మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడింది. ఏదో అనబోయి, ముసల్దాని ముఖం చూసి మింగేసింది. "చాలా బాగా చూసుకున్నారు పిన్నీ," అంది. తర్వాత మా అరుగు మీద కూలబడి నాతో చిన్నగా చెప్పింది. చైత్రం నుంచి పెట్టె చెప్పిందంతా గోనె చల్లదనమే. ఆ లెక్కలన్నీ చెత్త. ఆ చెత్తనే పై అధికారులకి పంపించారు. రోహిణి కార్తె వచ్చేసరికి మిగతా రోడ్లన్నీ ఈ మూతికే కలపబోతున్నారు.

"మరి ఆ నెంబర్లు చూసి మీకు అనుమానం రాలేదా? క్వారీలో ఎండాకాలం వేడి తగ్గుతుందా ఎక్కడైనా?" అన్నాను.

"ప్రొఫెసరుగారు సంతోషపడ్డారు. గుంత వల్ల లాభమే అన్నారు. నేను... నేనూ అడగలేదు."

మా ఆయన చాప మీంచే వింటున్నాడు. దగ్గొచ్చి ఆగాక అన్నాడు: "గోనె సంగతి వదిలెయ్యి గానీ నాకో అనుమానమమ్మా. మీ పెట్టె నిలబడే నిద్రపోద్దా?"

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదు. దానికి పడుకోవడం తెలియదేమో అని."

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. స్తంభం వైపు చూసింది. పెట్టె తల ఎత్తున ఉంది. మేమేమో బండ మీద చాపలు పరుస్తున్నాం. లేచొచ్చి, ఐదుసార్లు నీళ్ళు తాగిన బండ మీద, ఆయన చోటులోనే, చాప లేకుండా పడుకుంది. కళ్ళు మూసుకుంది. మేం చుట్టూ నిలబడ్డాం. ఒక కునుకు తీసేంతసేపు కూడా ఉండలేకపోయింది. లేచేసరికి చేతుల వెనక ఎర్రగా కమిలింది.

"గోనె లేకపోయినా ఈ పెట్టె నిజం చెప్పేది కాదు నాగేంద్రమ్మగారూ," అంది. "దేశమంతా ఇదే ఎత్తులో పెడతాం. నిలబడినవాళ్ళ ఎత్తులో. రాయి వేడి మేం కొలవనేలేదు."

గురవమ్మకి సగమే అర్థమైంది. తన గోనె వల్ల ఏదో చెడిందని మాత్రం అర్థమైంది. ఎవరూ ఏమీ అనకుండానే వెళ్ళి గోనె విప్పి, మడిచి, ఇంట్లో చాటుగా పెట్టుకుంది.

*

మిగతా రోడ్లు కలిపే ముందు అధికారుల మీటింగు ఏసీ గదిలో పెట్టారు. నేనూ గురవమ్మా వెళ్ళాం. కొంగు కప్పుకున్నా చలేసింది. టేబుల్ చుట్టూ చక్రపాణిగారు, ఇంకొందరు అధికారులు, సంస్థ తరఫున ప్రొఫెసరు వేణుమాధవ్‌గారు. మృదుల లేచి గోనె సంగతి చెప్పింది, బండ సంగతి చెప్పింది. ఏదీ దాచలేదు.

వేణుమాధవ్‌గారు అంతా విన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మృదుల చెప్పింది ముఖ్యమైన విషయమే. కానీ ఒక్క సాయంత్రం పడుకుని చూడటం ఆధారం కాదు కదా. రాతి వేడి మీద విడిగా అధ్యయనం పెడదాం. వచ్చే ఎండాకాలం మొత్తం కొలిస్తే మంచి పేపరు కూడా వస్తుంది."

"ఈ ఎండాకాలం మమ్మల్నేం చెయ్యమంటారు?" అన్నాను.

"అది నా పరిధిలో లేదమ్మా," అని చక్రపాణిగారి వైపు చూశాడు.

చక్రపాణిగారు కళ్ళజోడు తీసి మృదుల వైపు తిరిగాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. "డాక్టరుగారూ, నాకు అధ్యయనం వద్దు. నాకు ఒక్క అంకె ఇవ్వండి. మూతి మనుషులకి ఎంత దూరంలో ఉండాలి? మీరిప్పుడు ఒక అంకె చెబితే, ఇప్పుడే, ఈ గదిలోనే, సంస్థ వద్దంటోందని రాసి పని ఆపిస్తాను. నాకు కారణం కావాలి. చెప్పండి."

గదిలో అందరూ ఆ పిల్ల వైపు చూశారు.

"అది... గాలి మీద ఆధారపడి ఉంటుంది సార్. రాయి రకం మీద, గుంత లోతు మీద..."

"ఆధారపడి ఉంటుందని ఫైల్లో రాయలేను. సుమారుగా చెప్పండి."

"సుమారుగా అంటే..." ప్రొఫెసరు వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, చాలా కొంచెం. "కచ్చితంగా తెలియకుండా చెప్పడం తప్పు సార్."

నేను లేచి నిలబడ్డాను. "ఏదో ఒకటి చెప్పమ్మా! తప్పైతే తర్వాత దిద్దుకుందువు గానీ, నోటికొచ్చింది చెప్పు!"

ఆ పిల్ల పెదాలు కదిలాయి. కుర్చీలో కూర్చుండిపోయింది.

తప్పు చెప్పకూడదని నేర్పించారు ఆ పిల్లకి. చెప్పకపోవడం కూడా తప్పవుతుందని ఏ బళ్ళోనూ నేర్పలేదు. చక్రపాణిగారు కళ్ళజోడు పెట్టుకుని తరువాతి విషయం తీశాడు. పార్కులో బెంచీల సంగతి.

*

రోహిణి మొదలైన రోజు రోడ్లన్నీ కలిపారు. బ్యాండుమేళం మా గుంత దాకా వినిపించింది.

ఆ సాయంత్రం ట్యాంకరు నీళ్ళన్నీ బండకే పోశాం. తాగడానికి కూడా ఉంచుకోలేదు. పోసిన నీళ్ళు పోసినట్టే ఆవిరైపోయాయి. సగం మంది చాపలు చుట్టుకుని బైపాసు వంతెన కిందికి పోయారు.

"లే, మనమూ పోదాం," అన్నాను.

"లారీల పొగలో పడుకోమంటావా? ఇక్కడైతే వేడికి చస్తాను, అక్కడైతే పొగకి చస్తాను. ఇక్కడ నీ గోల అదనం, అంతే తేడా."

"నవ్వులాట కాదు. లే."

"నేను లేవను నాగేంద్రం." పేరు సగమే పిలిచాడంటే అలిసిపోయాడని. "ఈ బండ కొట్టమని కాంట్రాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో తెలుసా నీకు? మంచి రాయి. ఇంకా మా నాయన ఉండగానే అడిగాడు. పడుకోవడానికి ఒకటైనా ఉండాలని మేం కొట్టలేదు. నేను దాన్ని వదిలిపెట్టా. అది నన్ను చూసుకోదా?"

మూడు చాపలు ఒకదాని మీద ఒకటి వేశాను. తడి చీర కప్పాను. విసనకర్రతో విసురుతూ విసురుతూ నేనే ఒరిగిపోయాను.

తెల్లవారి లేచి, పొయ్యి ముట్టించి, టీ పెట్టాను. పిలిచాను. పలకలేదు. వెళ్ళి భుజం పట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాడు. నిద్ర పట్టింది పాపం, పడుకోనీ అని వచ్చేశాను. టీ చల్లారకుండా మూత పెట్టాను. గురవమ్మతో కూడా చెప్పాను, ఈ రోజు బాగా నిద్రపోయాడు అని.

చచ్చిపోయినోళ్ళు చల్లబడతారు గదా. ఎవరికైనా అదే గుర్తు గదా. మా బండ మీద చచ్చినోడు చల్లబడడు. నా మొగుడు పోయిన సంగతి నాకు తెలియనివ్వకుండా మీ బజారు వేడి ఆయన్ని వెచ్చగా ఉంచింది. పొద్దెక్కాక రెండోసారి పిలిచినప్పుడు, ముఖం మీద ఈగ వాలితే కదలనప్పుడు తెలిసింది.

ఆస్పత్రిలో ఊపిరితిత్తుల జబ్బు అని రాశారు. అదీ నిజమే. కాబట్టి వేడికి చనిపోయినవాళ్ళలో ఆయన లేడు. ఈ ఏడాది నగరంలో వడదెబ్బ చావులు తగ్గాయని పేపర్లో వేశారు.

*

పెద్దకర్మ కాకముందే పెద్దబజారుకి వెళ్ళాను. గడప దాటకూడదన్నారు. దాటాను. గురవమ్మ వెంట వచ్చింది. దారంతా ఒకటే మాట: "నా గోనె చేసిందే ఇదంతా, నాగేంద్రమ్మా. నేను కట్టకపోతే ఆ పెట్టె చెప్పేది." ఆ మాట ఎన్నిసార్లు కొట్టేసినా మళ్ళీ మొదలెట్టేది. రేపు విచారణంటూ పెడితే మీరు దొరకబుచ్చుకునేది కూడా ఆ గోనెనే అని నాకు తెలుసు. అందుకే ముందే చెబుతున్నా. గురవమ్మ జోలికి రావద్దు. మీ పెట్టెని జాగ్రత్తగా చూసుకోమన్నారు, చూసుకుంది. ఈ కథలో అప్పజెప్పిన పని సరిగ్గా చేసింది ఆమె ఒక్కతే.

రోడ్డు మధ్యలో కూర్చుని అరచెయ్యి ఆనించాను. అబ్బ, ఎంత చల్లగా ఉందో. చెబితే సిగ్గు గానీ, హాయిగా ఉంది. పక్కన ఒక చిన్నపిల్ల తెల్లగౌనులో గంతులేస్తోంది. వాళ్ళమ్మ నన్ను చూసి, "పడుకోండి ఆంటీ, చాలా బాగుంటుంది," అంది. ఆ తల్లి తప్పేముంది? ఆమెకెవరు చెప్పారు? ఆ తారు కింద ఉన్న చలువ యల్లమంద వీపు కిందిదని, అక్కడ్నుంచి లాక్కొచ్చి ఇక్కడ పరిచారని ఎవరు చెప్పారు?

మృదుల అక్కడికే వచ్చింది. నా పక్కన కూర్చుంది. తనూ అరచెయ్యి రోడ్డుకి ఆనించింది. తర్వాత అంది: "మూడొందల గజాలు. ఆ రోజే నా మనసులో ఉంది. కచ్చితం కాదని చెప్పలేదు."

కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. అలిసిపోయాను.

"చక్రపాణిగారికి చెప్పావా?"

"చెప్పాను. రాతపూర్వకంగా ఇచ్చాను. ఇప్పుడు రోడ్లన్నీ ప్రారంభమయ్యాయి కాబట్టి కమిటీ వెయ్యాలంట. కమిటీలో మా ప్రొఫెసరుగారే పెద్ద."

"నీ ఉద్యోగం?"

"నేనే మానేశాను. సంస్థవాళ్ళు వచ్చి స్తంభం పీకించారు. పెట్టె మాత్రం నేనివ్వలేదు." సంచీ చూపించింది. ఆ సాయంత్రం మాతో గుంతకొచ్చి, పెట్టెని యల్లమంద చోటులో, నేరుగా బండ మీద పెట్టింది. గోనె లేదు, స్తంభం లేదు. ఇప్పుడది ఆయన పడుకున్నట్టే పడుకుని ఉంది. చెప్పాల్సింది రోజూ చెబుతోంది. చదివేవాళ్ళు లేరు.

గురవమ్మ మాత్రం పొద్దున్నే లేచి, దానికి దూరంగా నిలబడి చూసి వెళ్తుంది. ముట్టుకోదు.

*

ఇక నేను అడిగేది వినండి. సంతాపం వద్దు, శాలువా వద్దు. ఆయన పేరు రోడ్డుకి పెట్టొద్దు, ముఖ్యంగా ఆ రోడ్డుకి.

పరిశోధన చేసే అయ్యల్లారా, తీగ పేనే ముందే చక్రపాణి లాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి, గీత గీయడానికి నీకేం తెలియాలయ్యా అని అడగండి. ఆయనడిగిందే మీ మొదటి ప్రశ్న కావాలి, మిగిలిపోతే చూద్దామనుకునే ప్రశ్న కాదు. కచ్చితంగా తెలియకపోతే సుమారుగా చెప్పండి, సుమారని చెప్పి చెప్పండి. మీరు నోరు విప్పకపోయినా రోడ్డు వేసేవాళ్ళు వేస్తూనే ఉంటారు. గీత గీసే అయ్యల్లారా, అంకె రాకపోతే గీయకండి. ఖాళీ అని గీసిన ప్రతిచోటుకీ వచ్చి, ఒక పూట మా బండ మీద వెల్లకిలా పడుకుని, లేచి, అప్పుడు సంతకం పెట్టండి.

అవన్నీ రేపటికి. ఈ రోజుకి ఒక్కటే. బండ మీద ఇంకా మా పిల్లలు పడుకుంటున్నారు. కార్తె ఇంకా అయిపోలేదు. కమిటీ తర్వాత వేసుకోండి.

మూతి మూసెయ్యండి. ఇవాళే, పొద్దు వాలకముందే. రోడ్డు కాలుతుందా, కాలనివ్వండి. చెప్పులేసుకోండి.